మాట వినడు

మా అక్క కొడుకు బుజ్జిగాడి గురించి మా ఇంట్లో దాదాపు ఏడాది పాటు అందరం అన్న మాట ఒక్కటే. "వీడు అస్సలు మాట వినడు." పిలిస్తే రాడు. వద్దంటే ఆగడు. అన్నానికి రారా అంటే బొమ్మ కారు చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాడు. అమ్మ అంది, బావగారు అన్నారు, అందరికన్నా ఎక్కువ సార్లు నేనే అన్నాను.

తెలుగులో ఈ మాటకి రెండు అర్థాలున్నాయి. చెప్పినట్టు చెయ్యడు అని ఒకటి, చెవికి వినపడదు అని ఇంకొకటి. మేమందరం మొదటి అర్థంలో అంటున్నాం. అసలు సంగతి రెండో అర్థంలో ఉంది. అది తెలిసేసరికి వాడికి రెండేళ్ళ రెండు నెలలు. వచ్చిన మాటలు ఏడు.

చిన్నపిల్లలకి పదే పదే వచ్చే చెవి ఇన్‌ఫెక్షన్లకీ, మాటలు ఆలస్యం అవడానికీ ఉన్న సంబంధం ఏంటో, అది ఎంతవరకు ఉందో, ఎక్కడ లేదో, అప్పటినుంచి చదివీ డాక్టర్‌ని అడిగీ తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా. మనకెందుకు ఇది, మనకింకా పిల్లలు లేరుగా అనుకోకండి. అక్కలు, అన్నయ్యలు, వదినలు ఉన్నారు. ఇంట్లో ఎవరికి ఏ డౌట్ వచ్చినా "కొంచెం ఫోన్‌లో చూసి చెప్పవే" అని అడిగేది మననే.

చెవిలో ఇంపీడెన్స్ మ్యాచింగ్

ముందు చెవి ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఈసీఈ వాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది.

శబ్దం గాలిలో వస్తుంది. దాన్ని నరాల సిగ్నల్‌గా మార్చే లోపలి చెవిలో మాత్రం ద్రవం ఉంటుంది. గాలిలోంచి వచ్చిన శబ్దం నేరుగా నీటిని తాకితే దాని శక్తిలో 99.9 శాతం వెనక్కి కొట్టేస్తుంది. లోపలికి వెళ్ళేది వెయ్యిలో ఒక వంతు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 30 నష్టం. చెరువులో మునిగి ఉన్నప్పుడు గట్టు మీద వాళ్ళ మాటలు అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

ఈ నష్టాన్ని పూడ్చడానికే మధ్య చెవి ఉంది. కర్ణభేరి వెనక గాలితో నిండిన చిన్న గది, అందులో మూడు బుల్లి ఎముకలు. నేను స్కూల్లో మ్యాలియస్, ఇన్‌కస్, స్టేపీస్ అని బట్టీ పట్టాను. తెలుగులో వాటి ఆకారాలు చెబితే సుత్తి, దాగలి, రికాబు. కమ్మరి కొలిమి దగ్గర ఉండేవి రెండు, గుర్రం జీను కింద వేలాడేది ఒకటి. రికాబు మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక, ఎత్తు మూడు మిల్లీమీటర్ల చిల్లర.

కర్ణభేరిలో కదిలే భాగం వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. రికాబు అడుగు భాగం సుమారు 3.2. పెద్ద పలక మీద పడిన బలాన్ని చిన్న పలక మీదకి తోస్తే పీడనం 17 రెట్లు అవుతుంది. ఎముకలు మీటలా కదలడం వల్ల ఇంకో 1.3 రెట్లు. మొత్తం 22 రెట్లు, అంటే దాదాపు 27 డెసిబెల్స్. పోతుందనుకున్న 30లో 27 వెనక్కి తెచ్చేసింది. మనం ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చేసే పనిని మూడు ఎముకలు చేస్తున్నాయి.

ఇదంతా జరగాలంటే ఒకటే షరతు. ఆ గదిలో గాలి ఉండాలి.

తిరుమల ఘాట్ రోడ్డు

ఆ గదికి గాలి అందించేది ఒక సన్నటి గొట్టం. మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి వెళ్తుంది. పేరు యూస్టేషియన్ ట్యూబ్. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త బార్తొలోమియో యూస్టాకీ పేరు మీద వచ్చింది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే టప్ మని తెరుచుకుంటాయి కదా. ఆ టప్ ఈ గొట్టానిదే.

పెద్దవాళ్ళలో ఇది ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో దిగుతుంది. పసిపిల్లల్లో దాదాపు అడ్డంగా, 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొడవు కూడా మనదానిలో సగమే. దాన్ని తెరిచే కండరాలకి ఇంకా పట్టు రాదు. దానికి తోడు ఆ గొట్టం నోటి పక్కనే ఉండే ఎడినాయిడ్స్ ఈ వయసులో ఉబ్బి ఉంటాయి. జలుబు చేసినప్పుడల్లా గొట్టం మూసుకుపోతుంది, ముక్కులోని క్రిములు చెవిలోకి ఎక్కడం తేలిక అవుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకి చెవి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ రావడానికి ఇదే కారణం. ఆరు నెలల్లో మూడు సార్లు, లేదా ఏడాదిలో నాలుగు సార్లు వస్తే పదే పదే వచ్చే ఇన్‌ఫెక్షన్ కింద లెక్క.

బుజ్జిగాడికి ఏడాదిలో నాలుగు సార్లు వచ్చింది. ప్రతిసారీ జ్వరం, రాత్రంతా ఏడుపు, చెవి పీక్కోవడం, ఓసారి చీము కారడం. ప్రతిసారీ సిరప్ వాడాం, ఐదారు రోజుల్లో తగ్గింది. తగ్గింది అని మేము అనుకున్నది నొప్పి తగ్గడం చూసి.

అక్కడే మాకు తెలియని విషయం ఒకటుంది. ఇన్‌ఫెక్షన్ పోయినా మధ్య చెవిలో చేరిన ద్రవం వెంటనే పోదు. చాలామంది పిల్లల్లో రెండు వారాల తర్వాత కూడా ఉంటుంది. నెలకి సుమారు నలభై శాతం మందిలో, మూడు నెలలకి సుమారు పది శాతం మందిలో మిగిలి ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కొందరిలో ఆ ద్రవం చిక్కబడి బంకలా తయారవుతుంది. అందుకే దాన్ని గ్లూ ఇయర్ అంటారు. ఇన్‌ఫెక్షన్ లేకుండా, ఒట్టి గొట్టం మూసుకుపోవడం వల్ల కూడా ఇది రావచ్చు. లోపలి గాలిని చుట్టూ ఉన్న పొర పీల్చేసుకుంటుంది, పీడనం తగ్గుతుంది, ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. స్కూల్‌కి వెళ్ళే వయసు వచ్చేలోపు పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఒక్కసారైనా వచ్చి పోతుందని అమెరికా డాక్టర్ల గైడ్‌లైన్స్‌లో ఉంది.

వినపడడం సున్నా, ఒకటి కాదు

మేము పప్పులో కాలేసింది ఇక్కడే. చెవుడు అంటే ఏమీ వినపడకపోవడం అనుకున్నాం. వీడు తలుపు ధడాల్న పడితే ఉలిక్కిపడతాడు, బండి హారన్‌కి పరిగెడతాడు, టీవీలో పాట వస్తే ఊగుతాడు. ఇంక చెవికేం?

గ్లూ ఇయర్‌తో తగ్గే వినికిడి సగటున 25 డెసిబెల్స్. చిన్న లెక్క చేద్దాం. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడితే సుమారు 60 డెసిబెల్స్. అందులోంచి 25 తీసేస్తే 35. అంటే పక్కన కూర్చుని మాట్లాడినా వాడికి అది గుసగుస లాంటిదే. ఇక దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరుబయట అయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు మీటర్ల అవతల వంటగదిలోంచి అక్క "బుజ్జీ, పాలు తాగుతావా" అంటే 48. అందులో 25 పోతే 23. పైన ఫ్యాన్, పక్కన మిక్సీ. వాడికి చేరేదేంటి?

మీరే చూడండి. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, మీ వెనక ఎవరినైనా మామూలు గొంతుతో మాట్లాడమనండి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. అచ్చులు కొంచెం వినపడతాయి. స, త, ఫ లాంటి బలం లేని హల్లులు జారిపోతాయి. మనకి భాష ముందే వచ్చు కాబట్టి ఆ ఖాళీలు మనమే నింపేసుకుంటాం. వాడు భాష నేర్చుకోవాల్సిందే ఆ ఖాళీలున్న మాటల్లోంచి.

మన తెలుగు సంగతి ఆలోచిస్తే నాకు ఇంకోటి అనిపించింది. మన భాషలో పని అంతా మాట చివర జరుగుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చావు. ఇంట్లో, ఇంటికి, ఇంటితో. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చివరి అక్షరంలో ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మింగేసేదీ ఆ చివరి అక్షరమే. ఇది నా ఆలోచన మాత్రమే, ఎవరి పరిశోధనా కాదు. కానీ బుజ్జిగాడు పాలని "ఆఊ" అనేవాడు, తాతని "ఆఆ" అనేవాడు. వాడికి ఎలా వినపడుతోందో అలాగే తిరిగి చెబుతున్నాడని మాలో ఒక్కరికీ తట్టలేదు.

దొరకని బగ్

సీఎస్ఈ వాళ్ళకి తెలుసు, అన్నిటికన్నా విసిగించే బగ్ ఎప్పుడూ వచ్చేది కాదు, అప్పుడప్పుడు వచ్చేది. గ్లూ ఇయర్ అలాంటిదే. జలుబు చేస్తే పెరుగుతుంది, తగ్గితే కొన్ని రోజులు వినికిడి బాగుంటుంది. సోమవారం పిలిస్తే తిరిగి చూసినవాడు గురువారం చూడడు. "కావాలనే చేస్తున్నాడు, మొన్న బానే విన్నాడుగా" అంటాం.

పైగా మాకు ఒక సర్టిఫికెట్ కూడా ఉంది. పుట్టినప్పుడు చేసిన వినికిడి టెస్ట్ పాస్. ఆ కాగితం చూసి అక్క రెండేళ్ళు ధైర్యంగా ఉంది. ఆ టెస్ట్ చెప్పింది పుట్టిన రోజు సంగతి. తర్వాత వచ్చిన మార్పు దానికి తెలియదు. మొదటి బిల్డ్ పాస్ అయిందని తర్వాత టెస్ట్ చేయడం మానేస్తామా?

ఇంట్లో ఎవరి సమాధానం వాళ్ళ దగ్గర ఉంది. అక్క అత్తగారు "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారమ్మా, వీళ్ళ నాన్నా మూడేళ్ళకే మాట్లాడాడు" అనేవారు. అమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకి రాసింది. వసపిట్టలా వాగాలని ఆశ. నేనేమో "ఫోన్ ఎక్కువ చూపిస్తున్నావక్కా, అందుకే" అని జడ్జిమెంట్ ఇచ్చేశాను. అక్క ఆ రాత్రి ఏడ్చిందని తర్వాత తెలిసింది. ఈ వ్యాసంలో నాకు రాయడం కష్టంగా ఉన్న వాక్యం ఇదొక్కటే.

ఫస్టియర్ సెలవుల్లో తెనాలిలో అక్క వాళ్ళింట్లో ఉన్నప్పుడు, ఓ మధ్యాహ్నం వాడి వెనక కూర్చుని చాక్లెట్ కాగితం విప్పాను. వాడికి ప్రాణం అది. తిరగలేదు. "బుజ్జీ" అన్నాను, తిరగలేదు. నేల మీద చేత్తో చరిస్తే తిరిగాడు, చాక్లెట్ చూసి మొహం వెలిగిపోయింది. ఇంకో రెండు సార్లు చేసి చూశా. తర్వాత టీవీకి ఎంత దగ్గరగా కూర్చుంటాడో, నోరు తెరిచి ఎలా నిద్రపోతాడో, మనం ఎదురుగా ఉంటే మన పెదాలవైపు ఎలా చూస్తాడో అన్నీ ఒక్కసారి కలిశాయి. "అక్కా, వీడికి వినపడట్లేదేమోనే" అన్నా. అక్క పొయ్యి ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇలా ఇంట్లో చేసేది టెస్ట్ కాదు. అనుమానం మాత్రమే. దాన్ని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

నిమిషం పట్టే పరీక్ష

గుంటూరులో ఈఎన్‌టీ డాక్టర్ చెవిలోకి చూసి టింపనోమెట్రీ రాశారు. చెవి ద్వారంలో చిన్న మొన పెట్టి, గాలి పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ, కర్ణభేరి ఎంత కదులుతోందో కొలుస్తారు. పిల్లాడు జవాబు చెప్పక్కర్లేదు, కదలకుండా ఉంటే చాలు. నిమిషం పని. లోపల గాలి ఉంటే గ్రాఫ్ కొండలా లేస్తుంది. ద్రవం ఉంటే చదునుగా గీత వస్తుంది. వాడివి రెండు చెవులూ గీతలే.

ఆ గీత చూసి అక్క అడిగింది, "అయితే మాటలు రాకపోవడానికి ఇదే కారణమా డాక్టర్ గారూ?" ఆవిడ వెంటనే అవును అనలేదు. "కొంత కావచ్చమ్మా. అంతా ఇదే అని ఇప్పుడే చెప్పలేను. మిగతావీ చూద్దాం" అన్నారు. నాకప్పుడు చిరాకేసింది. తర్వాత చదివితే ఆవిడ జాగ్రత్త ఎందుకో అర్థమైంది.

చెవి మీదే నెట్టేయొచ్చా?

అమెరికాలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టర్ బృందం 6,350 మంది పసిపిల్లలని చేర్చుకుని చెవుల్ని గమనిస్తూ వచ్చింది. మూడేళ్ళ లోపు చెవుల్లో ద్రవం నెలల తరబడి ఉండిపోయిన 429 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే చెవిలో గొట్టాలు వేశారు. ఇంకో గుంపుకి తొమ్మిది నెలల వరకు ఆగి, అప్పటికీ ద్రవం ఉంటేనే వేశారు. మూడేళ్ళ వయసులో మాట, భాష, తెలివి కొలిస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ఫలితం 2001లో వచ్చింది. తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వయసులో మళ్ళీ చూసి 2007లో ప్రకటించారు. అప్పుడూ తేడా లేదు.

అంటే మిగతా అన్నివిధాలా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొన్ని నెలలు ద్రవం ఉన్నంత మాత్రాన భాష శాశ్వతంగా దెబ్బతినదు. కంగారుపడి ఆపరేషన్‌కి పరిగెత్తక్కర్లేదు. మూడు నెలలు గమనిస్తూ ఆగండి, చాలామందికి దానంతట అదే పోతుందని గైడ్‌లైన్స్ చెప్పేది ఇందుకే. ఈ ద్రవానికి యాంటీబయాటిక్స్, జలుబు మందులు, స్టెరాయిడ్లు పనిచేయవని కూడా చెబుతాయి.

కానీ అవే గైడ్‌లైన్స్‌లో ఒక మినహాయింపు ఉంది. అప్పటికే మాటలు ఆలస్యమైనవాళ్ళు, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, అంగిలి చీలిక ఉన్నవాళ్ళు, చూపు తక్కువైనవాళ్ళు, శాశ్వత వినికిడి లోపం ఉన్నవాళ్ళు. వీళ్ళకి ఆ 25 డెసిబెల్స్ కూడా బరువే. వీళ్ళ విషయంలో ఊరికే కూర్చోకుండా త్వరగా పరీక్షలు చేసి నిర్ణయం తీసుకోవాలి.

అందుకే రెండు తప్పులూ చేయకూడదు. "చెవిలో నీరుంది, అది తీస్తే మాటలు వచ్చేస్తాయి" అనుకుని ఆగిపోతే, వెనక ఇంకేదైనా కారణం ఉంటే అది మిస్ అవుతాం. "లేటుగా మాట్లాడతాడులే" అని చెవి చూడకపోతే, అన్నిటికన్నా తేలిగ్గా సరిచేయగలిగేదాన్ని మిస్ అవుతాం. మాటలు ఆలస్యమైన ఏ పిల్లాడికైనా మొదటి పరీక్ష చెవికే చేయాలి. చివరి పరీక్ష మాత్రం అదే కానక్కర్లేదు.

బుజ్జిగాడికి లోపలి చెవి, నరం బాగానే ఉన్నాయని బేరా టెస్ట్‌లో తేలింది. ఎదుగుదల కూడా చూశారు. స్పీచ్ థెరపీ వెంటనే మొదలుపెట్టారు. నెలన్నర తర్వాత కూడా గీత చదునుగానే ఉండటంతో, ఎడినాయిడ్స్ తీసి, రెండు చెవుల్లో గ్రోమెట్లు వేశారు. కర్ణభేరికి చిన్న కోత పెట్టి, ద్రవం పీల్చి, ఆ కోతలో నిలిపే బుల్లి గొట్టం గ్రోమెట్. మూసుకుపోయిన గొట్టం చేయాల్సిన గాలి పనిని ఇది చేస్తుంది. 1954 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. మామూలుగా ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో దానంతట అదే ఊడిపోతుంది.

గుర్తుపెట్టుకోవాల్సినవి

ఏడాది దాటినా అమ్మ, తాత లాంటి మాట ఒక్కటీ రాకపోతే, రెండేళ్ళకి "పాలు ఇవ్వు" లాంటి రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే, ఎదురుచూడకుండా చూపించండి. చెవి నొప్పి తగ్గాక ద్రవం పోయిందో లేదో మళ్ళీ ఓసారి చూడమని డాక్టర్‌ని అడగండి. మేము అడగలేదు.

చెవిలో వెల్లుల్లి నూనె, ఆముదం, ఏదీ పోయకండి. ద్రవం ఉన్నది కర్ణభేరికి అవతల, నూనె అక్కడికి చేరదు. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం చేరి హాని చేస్తుంది. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టకండి. ఇంట్లో సిగరెట్ పొగ వద్దు. న్యూమోకోకల్ టీకా తప్పకుండా వేయించండి. ప్రభుత్వ టీకాల్లో అది 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కి దేశమంతా వచ్చింది.

మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, వాడి ఎత్తుకి దిగి, మీటరు దూరం లోపు, మొహం కనపడేలా మాట్లాడండి. వంటగదిలోంచి అరవడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

డబ్బు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించే సమస్యల జాబితాలో చెవి ఇన్‌ఫెక్షన్, వినికిడి లోపం, మాట ఆలస్యం మూడూ ఉన్నాయి. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే దారి చెబుతారు. జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల కోసం డీఈఐసీ కేంద్రాలున్నాయి. వినికిడి, మాట సమస్యల కోసమే ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది.

ఆపరేషన్ అయిన మర్నాడు ఇంట్లో కుక్కర్ విజిల్ వేసింది. బుజ్జిగాడు హడలిపోయి అక్క ఒళ్ళో దూరాడు. మాటలు మాత్రం సినిమాలోలా మర్నాడే రాలేదు. నెలకి నాలుగు, తర్వాత నెలకి పది, అలా వచ్చాయి. ఇప్పుడు వాడికి మూడేళ్ళు నిండబోతున్నాయి. మూడు మాటలు కలిపి మాట్లాడతాడు. కాకిని టాటి అంటాడు, ఈ వయసుకి అది మామూలేనట. థెరపీ ఇంకా నడుస్తోంది. తోటి పిల్లలకన్నా కొంచెం వెనకే ఉన్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాకిట్లో ముగ్గు తొక్కుతుంటే వెనకనుంచి "బుజ్జీ, వద్దు రా" అన్నాను. తిరిగాడు. నన్ను చూసి "పిన్నీ, నేను రాను" అన్నాడు. మళ్ళీ తొక్కాడు. మాట వినడు.